నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర

హల్ నగరంలో చెవులు పరీక్షించడం నా పని.
గాజు కిటికీ ఉన్న ఇరుకు గదిలో మనిషిని కూర్చోబెట్టి
వినపడితే బొత్తాం నొక్కమంటాను.
వినపడకపోయినా కొందరు నొక్కుతారు,
మర్యాదకు.

అక్టోబరు నుంచి ఆ గదిలో ఒకటే మాట:
కోల్డ్ కెటిల్స్ మళ్ళీ కలిశారట,
పంతొమ్మిదేళ్ళకి.
బస్సుల వీపుల మీద నాలుగు మొహాలు
మీగడరంగు టెలిఫోన్ డబ్బాల మీద అవే నాలుగు మొహాలు.
ఎవరు ముందు చేతులు చాచారో
ఓ పత్రిక బాణం గుర్తులు గీసి చూపించింది.
ఆ కౌగిలి మూడుసార్లు తీశారని
కెమెరా కుర్రాడి తల్లి నాతో చెప్పింది,
ఎడమ చెవిలో గుబిలి తీయించుకుంటూ.

కెటిల్స్ అంటే చెవి కోసుకుంటుంది డెనీస్ థాక్రే.
(ఆ పని నా గదిలో చెయ్యొద్దని లోపల్లోపల తెలుగులో అనుకున్నాను.)
టికెట్టు రెండు వందల ఎనభై పౌండ్లు,
బాయిలర్ రిపేరు వసంతానికి వాయిదా.
"అమ్మ పోయిన వారమంతా
వాళ్ళ రెండో రికార్డే తిప్పాను.
బాకీ తీర్చొద్దూ?"

ట్రెవర్ బ్లాంచర్డ్‌కి ఒళ్ళుమంట.
"గాయకుడి మూడో విడాకులకి ఊరంతా చందాలు!
అందరి చెవుల్లో తలో పువ్వు!"
కాసేపాగి, హెడ్‌ఫోన్ తీసి,
"విడిపోయినప్పుడు ఏడ్చానమ్మా నేను.
ఆ ఏడుపు ఇప్పుడేం చేసుకోను?"

రిసెప్షన్‌లో కెల్సీకి ఇరవై రెండేళ్ళు.
"అదా? మా తాత అలారం పాట" అంది,
గోళ్ళకి రంగు ఆరబెట్టుకుంటూ.

మంగళవారం, ఆఖరి అపాయింట్‌మెంట్.
నెవిల్ అనుకుందాం, అసలు పేరు చెప్పకూడదు.
కళ్ళదాకా టోపీ. ఫారంలో వృత్తి: సొంత పని.
బస్సు వీపు మీది మొహాన్ని నేను పోల్చుకోలేదు,
తొడ మీద ఆగకుండా కొట్టుకునే
ఆ రెండు అరచేతులు చెప్పాయి.

కాగితం మీద గీత రెండు వేల దాకా నిదానంగా నడిచింది.
నాలుగు వేల దగ్గర
ఏటా ఓ గజం సముద్రంలోకి జారే
హోల్డర్‌నెస్ గట్టులా
విరిగిపడింది.

తాళాలు వినపడవన్నాడు.
పక్షులు ఎప్పుడో పోయాయట.
అవి పోయిన చోట జోరీగ ఒకటి కాపురం పెట్టిందట.

"నాకూ వాడికీ పంతొమ్మిదేళ్ళు మాటల్లేవు.
మొన్న రిహార్సల్లో దగ్గరికొచ్చాడు.
సారీ అన్నాడో,
లారీ అన్నాడో.
సామాన్ల లారీ ఆ రోజే రావాలి మరి.
నేను తలూపాను.
వాడు వాటేసుకున్నాడు."

స అనే అక్షరం ఆ గట్టు కిందే ఉంటుంది,
అందరికంటే ముందు మునిగిపోయేది అదే.
ఈ సంగతి ఏ పత్రికలోనూ లేదు.
నేనూ చెప్పలేదు,
డెనీస్ దేవుళ్ళన్నప్పుడు గానీ
ట్రెవర్ దొంగలన్నప్పుడు గానీ.
రెండు చెవులకీ కొలతలు తీసుకున్నాను.

కచేరీ రాత్రి ఆన్లబీ రోడ్డులో మా వంటగది అద్దాలు
సన్నగా వణికాయి.
పాట రాలేదు, దాని అడుగు మాత్రం వచ్చింది.
చిప్స్ కొట్టు దగ్గర, స్టేడియం గోడకి ఆనుకుని ట్రెవర్.
టికెట్టు లేదు. చేతిలో కారం చల్లిన పొట్లం.
"దీనికోసమే వచ్చాను" అన్నాడు,
అడక్కుండానే.
పొట్లం చల్లారిపోయి ఉంది.

మర్నాడు ఒక పత్రిక అమృతమంది,
ఒకటి అలిసిన గుర్రాలంది.
డెనీస్ గొంతు పోయి
నాకు చేతులతో చెప్పింది.

రెండు వారాలకి నెవిల్ వచ్చాడు.
చెవుల వెనక నేనిచ్చిన చిన్న యంత్రాలు.
ఎలా ఉన్నాయన్నాను.

"మళ్ళీ చెప్పమని అడిగానండీ వాణ్ణి."

ఆగాను.

"లారీయే."

కాస్త సౌండు తగ్గించమన్నాడు.
రెండు గీతలు తగ్గించాను.